కండువాల్లో బొరుగులు, పెట్టెలో సైకిలు

సైకిలును విమానంలో పంపాలంటే ముందు దాన్ని సైకిలు కాకుండా చేయాలి. చక్రాలు ఊడదీయాలి, పెడళ్లు విప్పాలి, హ్యాండిలును పక్కకు తిప్పి కట్టాలి, సీటు దించాలి, టైర్లలో గాలి తీసేయాలి. ఇదంతా మా మనవరాలు చెబితే విన్నాను. ఎక్కి తొక్కే వస్తువును ఇంత హింస పెట్టే బదులు అక్కడే ఒకటి అద్దెకు తీసుకోరాదా అని అడిగాను. అది నా వైపు చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ పిల్ల నా కొడుకు కూతురు. అప్పటికి ఇంటర్ చదువుతోంది. సైకిలు పందేలలో జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది, అస్సాంలో జరిగే పెద్ద పందేనికి ఎంపికైంది. మిగతా పిల్లలు, వాళ్ల కోచ్ సైకిళ్లతో సహా ముందే రైల్లో వెళ్లిపోయారు. దీనికి పరీక్ష అడ్డం వచ్చింది. పరీక్ష రాసి రైలెక్కితే పందెం ముగిశాక చేరుతుంది. అందుకని విమానం. టికెట్టు వాళ్ల కోచ్ ఎవరినో పట్టుకుని ఇప్పించాడు. రోజూ తొక్కి సాధన చేయాలని సైకిలును వాళ్లతో పంపలేదు, దాన్ని చేర్చే భారం మా మీద పడింది.

సైకిలంటే పాలవాడి సైకిలు కాదు. కార్బన్ అట. ఒంటి చేత్తో ఎత్తవచ్చు. తొక్కేటప్పుడు ఎంత బరువైనా మోస్తుందట, పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే మాత్రం వెంట్రుకంత చీలిక వచ్చినా ఇక పనికిరాదు. వెల్డింగ్ పెట్టడానికి అది ఇనుము కాదు. మా వాడు గొర్రెల మందలో సగం అమ్మి తెచ్చాడు దాన్ని. అది చీలితే ఆ పిల్లకు ఈ పందెం ఒక్కటే కాదు, ఏ పందెమూ లేదు. రెండోది కొనాలంటే మిగిలిన సగం మందా పోవాలి, తర్వాత మేము తినేది గాలి.

"జేజీ, దీనికి వేరే పెట్టె అమ్ముతారు, గట్టి ప్లాస్టిక్‌ది. లోపల స్పాంజి ఉంటాది," అంది పిల్ల.

"సైకిలుకు ఇల్లు గూడా కట్టియ్యాల్నా? గమ్మునుండు," అన్నాను.

ప్రొద్దుటూరులో సైకిళ్ల షాపుకు పోయాను. కొత్త సైకిళ్లు వచ్చిన అట్టపెట్టెలు వెనక గోడకు ఆనించి ఉన్నాయి. మడత విప్పితే మనిషి ఎత్తున నిలబడతాయి. ఒకటి ఎంచుకుని లాగుతుంటే షాపాయన లేచాడు.

"అవ్వా, ఊరికే కాదు. దానికి దుడ్లియ్యాల."

"అట్టపెట్టెకు దుడ్లా? సైకిలు అమ్మినాక పెట్టె నీది యాడైతాదప్పా? కొన్నోళ్లది. వాళ్లు మర్చిపోయి పోయినారు. వాళ్ల తరపున నేను తీసకపోతాండా."

ఆయన నవ్వాడు. "నువ్వు మా బజార్లో అంగడి పెట్టాల్సిందవ్వా, మేమంతా గొర్రెలు కాసుకునేవాళ్లం," అని పెట్టెతో పాటు సుతిలి తాడు ఉండ ఒకటి ఇచ్చాడు.

పెట్టె దొరికింది. లోపల ఏం కుక్కాలి? నేను కాపురానికి వచ్చిన కొత్తలో జమ్మలమడుగు సంతకు కోడిగుడ్లు గంపలో జొన్నపొట్టు పోసి తీసుకుపోయేవాళ్లం. ఎద్దుల బండి ఎంత ఎగిరినా గుడ్డు పగిలేది కాదు. గుడ్డు గుడ్డును తగలకూడదు, గంపను తగలకూడదు, అంతే. కానీ పొట్టు బరువు, పైగా దుమ్ము. విమానం వాళ్లు పెట్టెను తూస్తారట. బరువు లేకుండా పొట్టు పని చేసేది ఏమిటని ఆలోచిస్తూ బొరుగుల బట్టీ ముందు నుంచి నడుస్తున్నాను. బియ్యం వేయించి పొంగించిన బొరుగులు గుట్టగా పోసి ఉన్నాయి. గోతాం నింపినా పిల్లాడు మోస్తాడు. అక్కడికి పోయాక తినవచ్చు కూడా. సామాను పగలకుండా చుట్టే ప్లాస్టిక్ బుడగలనైతే ఎవరు తింటారు?

ఇక బొరుగులను సంచులలో పోసి దిండ్లలాగా చేయాలి. సంచికి గుడ్డ కావాలి, సైకిలు రంగు మీద గీత పడకుండా నున్నగా ఉండాలి. అటువంటి గుడ్డ మా ఇంట్లో ఒక్కటే రకం ఉంది. పార్టీ కండువాలు.

రంగులు చెప్పను. చెబితే పేర్లు చెప్పినట్టే. మా ఊరు జమ్మలమడుగు పక్కది. కక్షల కాలంలో మా నాయకుడు ఏ పార్టీ అయితే ఊరంతా ఆ పార్టీ. పక్క ఊరి నాయకుడిది రెండో పార్టీ. ఆరేసిన గుడ్డల రంగు చూసి ఆ ఇల్లు ఎవరి వైపో చెప్పేవారు. నా పెళ్లికి మా అమ్మ పెట్టిన చీర ఒకటి అవతలి వాళ్ల రంగు. దాన్ని ఉతికిన రోజు మా అత్త తలుపు గడియ పెట్టి నడింట్లో మంచం మీద ఆరేయించేది. మగవాళ్లు సంతకు గుంపుగా పోయి గుంపుగా వచ్చేవారు. వచ్చిన గుంపులో ఒకరు తగ్గితే ఆ పూట ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగేది కాదు.

తర్వాత ఒక ఎన్నికలప్పుడు మా నాయకుడు ఒక పార్టీలో నిద్ర లేచి రెండో పార్టీలో మధ్యాహ్నం అన్నం తిన్నాడు. మేము మారలేదు. ఆయన మారాడు, ఆయన వెంట మా మెడలు మారాయి. మా ఆయన పాత కండువాను పెరట్లోకి విసిరేశాడు. నేను తీసి, ఉతికి, ట్రంకు పెట్టెలో పెట్టాను. గుడ్డ ఏం తప్పు చేసింది? నాయకుడు మళ్లీ అటు పోయాడు, మళ్లీ ఇటు వచ్చాడు. ప్రతిసారీ ఇంటింటికీ కండువాలు పంచారు. మా ఆయన పోయాక మా వాడి మెడలో వేశారు. ఆ ట్రంకు పెట్టెలో రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి, కలరా ఉండలు వేసుకుని, గొడవ లేకుండా పడుకున్నాయి.

నేను సూది పట్టుకుని కూర్చోగానే మా వాడికి చెమట పట్టింది. "అమ్మా, ఎలచ్చన్ల టైములో వీటిని బయటికి తీస్తాండావా?"

"బయటికి యాడ తీస్తాండా? పెట్టె లోపల పెడతాండా."

ఇంత తెలివిగా జవాబు చెప్పానని ఆ రోజంతా నాలో నేను మురిసిపోయాను.

బిగింపు మాత్రం బాగా కుదిరింది. పిల్ల విప్పింది, నేను కట్టాను. ముందు చక్రం తీసేస్తే దాన్ని పట్టుకునే రెండు కొమ్ములు ఖాళీగా మిగులుతాయి, పైన బరువు పడితే అవి దగ్గరికి నొక్కుకుపోతాయట. వాటి మధ్య వెదురు ముక్క కొలిచి కోసి ఇరికించాను. వెనక గేర్ల దగ్గర కొక్కెంలాగా వేలాడే భాగాన్ని పిల్ల విప్పి ఫ్రేము లోపలి వైపుకు కట్టింది, బయటికి ఉంటే మొదటి దెబ్బ దానికే తగులుతుందంది. చైను చుట్టూ ఒక కండువా దిండు, సీటు కింద ఒకటి, చక్రానికీ ఫ్రేముకూ మధ్య పెద్దవి. పెట్టెను పట్టుకుని ఊపితే లోపల నుంచి చప్పుడు రాలేదు. గొర్రెపిల్ల కాళ్లకు వేసే ముడి వేశాను. తన్నుకున్నా వదలదు, కొస పట్టి లాగితే ఊడుతుంది.

పరీక్ష రాసిన మరుసటి ఉదయం జమ్మలమడుగులో బెంగళూరు బస్సు ఎక్కాము. విమానం ఆ సాయంత్రానికి. పెట్టెను బస్సు డిక్కీలో పడుకోబెట్టకుండా, పొడవాటి అంచు మీద నిలబెట్టించాను.

"ఏముందవ్వా దీంట్లో?" అన్నాడు కండక్టరు.

"సైకిలు."

"సైకిలుంటే బస్సెందుకు? దాని మీదనే పోరాదా?"

"నువ్వు ముందు టికెట్టు కొట్టు నాయనా, పరాచికాలు పులివెందుల దాటినాక ఆడుదువు."

పులివెందుల దాటేదాకా ఆగాల్సిన అవసరం రాలేదు. ముద్దనూరు దాటి, పులివెందుల ఇంకా రాకముందే, ఎన్నికల చెకింగ్ వాళ్లు బస్సును ఆపారు. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, ఒక టెంటు, పక్కన ఆఫీసరు జీపు. కొంచెం దూరంలో మిరపకాయ బజ్జీల బండి. ఎక్కడ బస్సు ఆగుతుందో ఆ బండివాళ్లకు ఎవరు చెబుతారో తెలియదు. ఒక కానిస్టేబుల్ డిక్కీ తెరిచాడు.

"ఎవురిదీ పెట్టె?"

"మాదే. సైకిలు. పండబెట్టద్దప్పా, నిలబెట్టే తియ్యి."

ముడి ఊడదీసి మూత తెరిచాడు. పైనే ఒక పార్టీ కండువా, నిండుగా ఉబ్బి, గుర్తు కనిపిస్తూ.

"సైకిలంటివి, ఇవేంది?"

"బొరుగులు."

"కండువాల్లో బొరుగులేందవ్వా?"

"కండువాల్లో బొరుగులు గాక బంగారం పోస్తారా? ఉంటే నేను బస్సెందుకు ఎక్కుతా?"

ఆయన నవ్వలేదు. ఆఫీసరును పిలిచాడు. ఆఫీసరు కుర్రవాడు, మా ప్రాంతం వాడు కాదు, మర్యాదగానే మాట్లాడాడు. "ఇది ప్రచార సామగ్రి అవుతుందమ్మా. ఏ పార్టీ వాళ్లు పంపారు?" అంటూ కింది దిండు తీశాడు. అది రెండో పార్టీది. ఆయన దాన్ని చూశాడు, దీన్ని చూశాడు, నన్ను చూశాడు. "రెండు పార్టీలవీ ఒకే పెట్టెలోనా?"

"మా ఇంట్లో ఒగటే ట్రంకు పెట్టె సార్."

ఈలోగా బస్సులో వాళ్లంతా దిగారు. జమ్మలమడుగులో ఎక్కిన పెద్ద మీసాలాయన ఒకడు వంగి చూసి, "ఏందిది! మా కండువాను తీసకపోయి చైను కాడ పెట్టినారే? జిడ్డంతా దానికేనా?" అన్నాడు.

సింహాద్రిపురం పోవాల్సిన గళ్ల లుంగీ ఆయన ఊరుకుంటాడా? "మాదేమన్నా మంచి చోట పెట్టినారా? సీటు కింద ఉండాది మామా, సీటు కింద! దాని మీద ఎవురు కూచోవాల?"

"జిడ్డు కంటే అది మేలే కదా."

"మేలో కాదో నీ పార్టీకి తెలుస్తాది, ఓట్లు లెక్కబెట్టినాక!"

మాట పెరిగింది. ఆడవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కుని ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు నాకు బాగా తెలుసు. ఇంతకంటే చిన్న మాటకు మా వైపు ఇళ్లు కాలిపోయాయి. నేను ఇద్దరి మధ్యకు పోయి నిలబడ్డాను, ధైర్యంతో కాదు, సైకిలు ఫ్రేము వాళ్ల కాళ్ల దగ్గర ఉంది కాబట్టి. "కొట్టుకుంటే ఆ పక్కకు పోయి కొట్టుకోండప్పా. దీనికి తగిలితే మీ రెండు పార్టీలూ కలిసినా ఇయ్యలేవు."

అప్పుడే ఆఫీసరు చెప్పాడు, లోపల నోట్లు దాచి ఉండవచ్చు, ప్రతి సంచీ విప్పి చూడమని. కానిస్టేబుల్‌కు కుట్టు విప్పే ఓపిక ఎక్కడిది? బ్లేడు పెట్టి కోశాడు. బొరుగులు జలజలా పక్కన పరిచిన టార్పాలిను మీద పడ్డాయి. గాలికి కొన్ని లేచి మీసాలాయన మీసాల్లో ఇరుక్కున్నాయి. ఆయన వాటిని తీసి, ఏం చేయాలో తెలియక నోట్లో వేసుకున్నాడు.

అది చూసి గళ్ల లుంగీ ఆయన ఒక పిడికెడు తీసుకున్నాడు. ఇంకెవరో బండి దగ్గరికి పోయి వేడి బజ్జీలు తెచ్చారు. బొరుగులు కళ్ల ముందు, బజ్జీలు చేతిలో. ఇక మా సీమ మనిషిని ఎవరు ఆపగలరు? టార్పాలిను చుట్టూ బస్సంతా గొంతుక్కూర్చుంది. డ్రైవరు తిన్నాడు. కండక్టరు తిన్నాడు. నోట్లు దొరకలేదని చెప్పడానికి వచ్చిన కానిస్టేబుల్ నోరు ఆడుతూనే ఉంది. ఆఫీసరు వద్దు వద్దంటూనే ఒక బజ్జీ తుంచి, "కారం ఎక్కువుందే" అంటూ బొరుగులు అందుకున్నాడు. మీసాలాయన, గళ్ల లుంగీ ఆయన పక్కపక్కనే కూర్చుని, ఎవరి ఊళ్లో బజ్జీకి వాము ఎక్కువ వేస్తారనే గొడవలో పడ్డారు. దానికి ఇళ్లు కాలవని నేనూ ఊరుకున్నాను.

తర్వాత కండువాలన్నీ మూట కట్టి సీజు చేశారు. సైకిలు తీసుకుపోవచ్చునన్నారు.

దేనితో తీసుకుపోవాలి? పెట్టెలో సైకిలు ఎముకల గూడులాగా మిగిలింది. చక్రం ఫ్రేముకు తగులుతోంది, పెడళ్లు అడుగున దొర్లుతున్నాయి. మా పిల్ల జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పెట్టె పక్కన కూర్చుని ఫ్రేమును రెండు చేతులతో పట్టుకుని, "ఇట్లనే ఏస్తే ఆడికి పోయేసరికి చీలుతాది జేజీ. నేను పోను. ఇంటికి పోదాం," అంది. ఏడుపు కూడా లేదు దాని గొంతులో. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను చుట్టూ చూశాను. మా వైపు మగవాడు చొక్కా లేకుండానైనా బయటికి వస్తాడు కానీ భుజాన టవాలు లేకుండా రాడు. బస్సు నిండా భుజాలే.

"బొరుగులు తిన్నోళ్లంతా ఇట్ల రాండి," అన్నాను.

ఇంకా పెడతానేమో అనుకుని గబగబా వచ్చారు.

"టవాళ్లు తియ్యండి. అవి మా సైకిలు పరుపు. మీరు తినేసినారు. పరుపు తిన్నోళ్లు పరుపు ఇయ్యాల."

"అవ్వా, ఇది కొత్త టవాలు," అన్నాడు మీసాలాయన.

"మేమూ కొత్త బొరుగులే పెట్టినాం. పాతవేమన్నా తగిలినాయా?"

గళ్ల లుంగీ ఆయన పగలబడి నవ్వాడు. "ఇయ్యి మామా, ఇయ్యి! మీ పార్టీ వాళ్లు ఇయ్యడం యాడ చూసినాం, ఈ పొద్దన్నా చూద్దాం."

ఆ మాట పడ్డాక మీసాలాయన టవాలు తీసి విసిరాడు. "ఇప్పుడు నీది తియ్యి, చూద్దాం!" ఈయన టవాలుతో పాటు సంచిలోని దుప్పటి కూడా తీశాడు, ఒకటి ఎక్కువ ఇవ్వాలని. డ్రైవరు ఇంజను మీద పరిచే గుడ్డ ఇవ్వబోతే మసి అని వద్దన్నాను, మెడ మీదిది తీసుకున్నాను. కానిస్టేబుల్ తన దగ్గర టవాలు లేదని రెండు చేతులూ చూపించాడు. నేను ఆఫీసరు వైపు చూశాను. ఆయన దగ్గరా లేదు. కానీ ఆయన జీపు సీటు మీద ఉంది, తెల్లగా, మందంగా, ఉతికి పరిచినది.

"అది గవర్నమెంటుదమ్మా," అన్నాడు ఆయన.

"తిన్న నోరు గవర్నమెంటుది కాదు గదా సార్."

తానే పోయి సీటు మీది నుంచి లాగి తెచ్చాడు. మెత్తటి టవాలు. దాన్ని ఫ్రేముకు నడిమధ్యలో చుట్టాను.

పిల్ల లేచింది. మళ్లీ చైను చుట్టింది, పెడళ్లను కాగితంలో పొట్లం కట్టింది. మగవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఎవరి టవాలు ఎక్కడ పెడుతున్నామో వంగి వంగి చూశారు. చైను దగ్గర ఎవరిదీ పెట్టకూడదని మీసాలాయన పట్టుపట్టాడు, అక్కడ నా పాత రవిక గుడ్డ పెట్టాను. నాకు పార్టీ లేదు కనుక గొడవ లేదు. ఊపి చూశాను. బొరుగులంత బాగా లేదు, కొంచెం కదిలింది. నా చీరనే మడిచి కుక్కుదామా అనిపించింది కానీ, బెంగళూరులో చీర లేకుండా దిగలేను.

పులివెందులలో కొందరు, కదిరిలో కొందరు దిగారు. దిగే ప్రతివాడూ డిక్కీ దగ్గరికి పోయి పెట్టె నిలబడి ఉందో లేదో చూసి పోయాడు. తన టవాలు ఉంది కదా మరి.

బెంగళూరు విమానాశ్రయం దగ్గర నన్ను లోపలికి రానివ్వలేదు. టికెట్టు ఉన్నవాళ్లే పోవాలట. నేను అద్దం బయట, పిల్లా పెట్టే అద్దం లోపల. పెట్టెను తూచారు, ఒక కాగితం మీద పిల్లతో సంతకం పెట్టించారు. దెబ్బ తగిలితే పూచీ తమది కాదని రాయించుకున్నారని పిల్ల తర్వాత చెప్పింది. ముందే తెలిస్తే నేను గలాటా చేసేదాన్నని అప్పుడు చెప్పలేదట. ఒక మనిషి వచ్చి పెట్టెను బండి మీద పడుకోబెట్టాడు. "నిలబెట్టు! నిలబెట్టు నాయనా!" అని అద్దం కొట్టాను. తుపాకీ పట్టుకున్న జవాను వచ్చి నన్ను పక్కకు పొమ్మన్నాడు. పెట్టె అలాగే పడుకుని పోయింది.

తిరుగు బస్సులో నాకు కునుకు పట్టలేదు. ప్రతి గుంతకూ ఆ వెదురు ముక్క నిలిచిందా జారిందా అనే ఆలోచనే. పెట్టె అడుగున ఉంటే? దాని మీద ఎవరిదైనా ఇనుప పెట్టె పడితే? స్పాంజి ఉన్న ఆ ప్లాస్టిక్ పెట్టె అడిగినప్పుడు పిల్ల ముఖం ఎలా ఉందో కళ్ల ముందుకు వచ్చి కూర్చుంది.

మరుసటి పొద్దున మా వాడి ఫోను మోగింది. వాడు చేయి చాచేలోపు నేనే అందుకున్నాను.

"జేజీ, ఇప్పుడే పెట్టె విప్పినా."

"ఊఁ."

"పెట్టె ఒగ మూల నలిగింది."

"పెట్టె సంగతి ఎవురు అడిగినారే! ఫ్రేము?"

"చూస్తాండా, ఉండు. కోచ్ సారు టార్చి ఏసి చూస్తాండాడు." అవతల ఏవో మాటలు, గుడ్డలు లాగుతున్న చప్పుడు. ఎవరో మగమనిషి, ఈ టవాలు మీద ఆఫీసు ముద్ర ఉందేమిటని అడుగుతున్నాడు. నా పక్కన మా వాడు గోడకు ఆనుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఏం మే, ఉండావా?"

"ఉండా. యాడా చీలిక లేదన్నాడు సారు. చక్రం ఎక్కిస్తాండా. ఫోను చక్రం కాడ పెడతా, విను."

చెవికి గట్టిగా అదుముకున్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత టిక టిక టికమని సన్నగా, ఎక్కడా తట్టుకోకుండా, ఒకే తీరుగా తిరుగుతున్న చప్పుడు. అది నెమ్మదించేదాకా విన్నాను. మా వాడు ఏమైందని చేత్తో అడుగుతుంటే వాడి చెవికీ పెట్టాను. అటు పిల్ల మళ్లీ ఒకసారి చక్రం తిప్పింది.